నిద్రించేవారి చెంత మేలుకొన్న వైద్యుడు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల చరిత్ర గల పాఠశాల ఉత్సవం జరుపుకొనే వేళ, అందులో చదివి ఉన్నత పదవులనధిష్ఠించిన వారిని స్మరించుకోవడం సంప్రదాయం. అది సముచితమే. అయితే ఏ పాఠశాల హాజరు పట్టీలను శ్రద్ధగా తిరగవేసినా నడుమనే ఆగిపోయిన పేర్లు కొన్ని కనిపిస్తాయి. వాటికెదురుగా ‘అనారోగ్యం’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ ఉండదు. ఆ మాట వెనుక, తరగతిలో ఒకనాడు మూర్ఛవచ్చి పడిపోయి, మరునాటి నుండి తోటివారికి ముఖం చూపలేక బడి మానిన బాలిక ఉండవచ్చు. రోజూ కునికిపాట్లు పడుతూ ‘కుంభకర్ణుడు’ అన్న పేరు మోసి, చివరకు చదువబ్బదని ఇంటివారే పనిలో పెట్టిన బాలుడు ఉండవచ్చు. ఉత్సవ సమయంలో అట్టి పిల్లలను కూడా తలచుకోవడం విద్యాసంస్థకు ధర్మం. ఈ ప్రసంగానికి విషయం ఒక ఇటలీ దేశపు వైద్యుని జీవితమే అయినా, దాని లక్ష్యం మాత్రం ఆ పిల్లలే.

ఆ వైద్యుని పేరు ఎలియో లుగరేసి. 1926లో జన్మించి 2015 డిసెంబరులో కన్నుమూసిన ఈ నాడీవైద్యుడు తన వృత్తి జీవితాన్ని రెండు విషయాలకు ధారపోశారు. ఒకటి మూర్ఛవ్యాధి, రెండవది నిద్ర. ఈ రెంటికీ సంబంధమేమిటన్న సందేహం కలగడం సహజం. ఆ సంబంధమే ఆయన కథ. మనిషిని పూర్తిగా చూడకముందే అతనికొక పేరు తగిలించరాదన్న పాఠం ఆ కథలో అడుగడుగునా గోచరిస్తుంది.

లుగరేసి పనిచేసిన బొలోనా ఉత్తర ఇటలీలోని ప్రాచీన నగరం. అక్కడి విశ్వవిద్యాలయం 1088లో ఆరంభమైనదని ప్రతీతి. చచ్చిన కప్ప కాలిని విద్యుత్తుతో కదిలించి చూపిన లుయీజీ గాల్వానీ ఆ నగరవాసియే. నరములలోను కండరములలోను విద్యుత్తు పనిచేస్తున్నదని వాదించిన ఆయన గ్రంథం 1791లో వెలువడింది. విద్యార్థులు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాడే గాల్వనోమీటరు ఆయన పేరుననే వెలసింది. ఆ తరువాత 1929లో జర్మనీ దేశస్థుడైన హాన్స్ బెర్గర్ మానవ మస్తిష్కంలోని విద్యుత్తరంగాలను తలపై నుండే కాగితం మీదికి ఎక్కించే విధానాన్ని లోకానికి ప్రకటించారు. దానినే నేడు ఆసుపత్రులలో ఈ.ఈ.జి. అంటున్నారు. కప్ప కాలితో మొదలైన విచారణ మానవుని తలలోనికి చూసే కిటికీగా మారింది.

ఆ కిటికీ తెరచుకొనక ముందు మూర్ఛ రోగులకు దక్కిన పేర్లు అన్నీ ఇన్నీ కావు. గ్రీకులు దానిని ‘పవిత్ర రోగం’ అన్నారు. ఇందులో దైవికమేమీ లేదని, ఇది మెదడుకు సంబంధించిన వ్యాధియేనని క్రీస్తుకు సుమారు నాలుగు వందల ఏండ్ల పూర్వమే హిపోక్రటీస్ సంప్రదాయానికి చెందిన వైద్య గ్రంథం చెప్పినా, లోకం చెవినిబెట్టలేదు. భారతీయ వైద్యులు దానికి అపస్మారమని పేరిడి, వాత పిత్త కఫ దోషాలను విచారించి చికిత్సలు సూచించారు. నటరాజు పాదం క్రింద అణగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. జన సామాన్యంలో మాత్రం దయ్యం పట్టినదని, గాలి సోకినదని, పూర్వజన్మ కర్మమని చెప్పుకొన్నారు. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ చితికి వాసన చూపడం నేటికీ పలుచోట్ల కానవస్తూనే ఉన్నాయి.

నిజానికి మూర్ఛ అనేది మెదడులోని నాడీకణ సమూహాలలో అకస్మాత్తుగా, అమితంగా, ఒకేసారి జరిగే విద్యుత్ప్రసారం. ఆ ప్రసారం మెదడులో ఏ భాగాన పుట్టి ఎంతవరకు వ్యాపించినదనే దానిని బట్టి దాని రూపం మారుతుంది. ఒకరు నేలకొరిగి కాళ్ళూ చేతులూ కొట్టుకొంటారు. మరొకరు క్షణకాలం శూన్యంలోకి చూస్తారు. ఇంకొకరు గాఢనిద్రలో కేక వేసి లేచి కూర్చుంటారు. ఈ మూడవ రూపమే లుగరేసి జీవితంలో ప్రముఖ పాత్ర వహించింది.

యువకుడైన లుగరేసి విద్యాభ్యాసం కోసం ఫ్రాన్సులోని మార్సెయ్ నగరానికి వెళ్ళారు. అక్కడ హెన్రీ గాస్తో అనే ప్రఖ్యాత నాడీవైద్యుని ప్రయోగశాల ఆనాడు మూర్ఛవ్యాధి పరిశోధకులకు గురుకులం వంటిది. పిల్లలలో కనిపించే ఒక తీవ్రమైన మూర్ఛవ్యాధి నేటికీ లెనాక్స్, గాస్తో అనే ఇరువురి పేర్లతోనే వ్యవహరింపబడుతున్నది. మూర్ఛలను రకాలుగా విభజించి ప్రపంచ వైద్యులందరికీ ఒక ఉమ్మడి పరిభాష కల్పించే కృషికి గాస్తో నాయకత్వం వహించారు. రోగి చెప్పినది వినుట ఒక ఎత్తు, రోగిని గంటల తరబడి యంత్రం సాయంతో గమనించుట మరొక ఎత్తు అన్న శిక్షణ లుగరేసికి అక్కడ లభించింది. ఆ శిక్షణతో ఆయన బొలోనాకు తిరిగివచ్చి, అనంతర కాలంలో అక్కడి విశ్వవిద్యాలయ నాడీవైద్య విభాగానికి చిరకాలం సారథ్యం వహించారు.

ఆనాటి వైద్యం పగటి వైద్యం. రోగి ఉదయం ఆసుపత్రికి వస్తాడు, వైద్యుడు పరీక్షిస్తాడు, మందు వ్రాస్తాడు. రాత్రివేళ రోగికి ఏమి జరుగుతున్నదో చూసినవారు లేరు. నిద్ర అంటే దీపమార్పినట్లు మెదడు పనిమానుటయేనని పలువురి భావన. 1949లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మొరుజ్జి, అమెరికా శాస్త్రజ్ఞుడు మెగూన్ కలిసి, మెదడు కాండంలోని ఒక నాడీజాలం మెలకువను నిలబెడుతున్నదని నిరూపించారు. 1953లో అమెరికాలోని షికాగోలో అసెరిన్‌స్కీ, క్లీట్‌మన్ అనే ఇరువురు, నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటున్నదని, స్వప్నాలకు దానితో సంబంధమున్నదని ప్రకటించారు. నిద్రలో మెదడు పనిమానడం లేదని, దశలు దశలుగా వేరొక రీతిని పనిచేస్తున్నదని దీనితో తేటతెల్లమైంది.

మూర్ఛవ్యాధి నిపుణులకు నిద్ర మీద దృష్టి మళ్ళడానికి మరొక కారణం కూడా ఉంది. మేలుకొని ఉన్నప్పుడు నిర్దోషంగా కనిపించే ఈ.ఈ.జి. రోగి నిద్రించగానే మూర్ఛ గుర్తులను బయటపెట్టడం కద్దు. ఆ గుర్తుల కోసం రాత్రులు కాచుకొని కూర్చున్నప్పుడు లుగరేసికి మూర్ఛతో సంబంధం లేని వింతలు కూడా కంటబడ్డాయి. తాను వెదకుతున్నది కాదు గదాయని ఆయన వాటిని విడిచిపెట్టలేదు. మెదడు తరంగాలతో పాటు శ్వాసను, గుండె కొట్టుకోవడాన్ని, కండరాల కదలికను, కనుగుడ్ల చలనాన్ని రాత్రియంతా ఒకే కాగితపు చుట్ట మీద నమోదు చేసే పద్ధతిని బొలోనా బృందం అభివృద్ధి పరచుకొన్నది.

1960 దశకం మధ్యలో ఆ పద్ధతి మొదటి ఫలాలనిచ్చింది. పడుకోగానే కాళ్ళలో చెప్పరాని బాధ కలిగి, కదిలిస్తే తప్ప నిలువలేని రోగులున్నారు. వారి నిద్రను లుగరేసి, కొక్కాన్యా మొదలగువారు నమోదు చేయగా, వారి కాళ్ళు నిద్రలో కొన్ని సెకనుల కొకమారు గడియారపు లోలకం వలె క్రమం తప్పక కదులుతున్నట్లు తేలింది. పగలు ఎంత పరీక్షించినా వారిలో దోషం కనిపించలేదు. ‘అంతా మీ భ్రమ’ అనిపించుకొన్న వారి మాటకు ఆ కాగితపు చుట్ట సాక్ష్యం పలికింది.

తరువాతి విషయం గురక. లోకంలో గురక హాస్యానికి గురి అయిన రోగం. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన ‘పిక్విక్ పేపర్స్’లో ఎప్పుడూ నిద్రపోయే ఒక స్థూలకాయుడైన బాలుని సృష్టించి పాఠకులను నవ్వించారు. 1956లో అమెరికా వైద్యులు అటువంటి లక్షణాలు గల రోగుల వ్యాధికి ఆ నవల పేరే పెట్టారు. వారి పగటి నిద్రకు రక్తంలో పెరిగిన బొగ్గుపులుసు వాయువే కారణమని అప్పుడు భావించారు. 1965లో ఫ్రాన్సులో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో అనే వైద్యులు వేర్వేరుగా అట్టి రోగుల రాత్రి నిద్రను నమోదు చేసి అసలు సంగతి కనుగొన్నారు. ఆ రోగులకు నిద్రలో మాటిమాటికీ శ్వాస ఆగిపోతున్నది. ఛాతీ ఎగసిపడుతున్నా, గొంతు దారి మూసుకుపోయినందున గాలి లోనికి పోవడం లేదు. ఊపిరాడక మెదడు మేలుకుంటుంది, పెద్ద గురకతో శ్వాస తిరిగి వస్తుంది, మరల నిద్ర పడుతుంది, మరల శ్వాస ఆగుతుంది. ఒక్క రాత్రిలో ఇది వందలసార్లు జరుగవచ్చు. తెల్లవారిన తరువాత రోగికి వీటిలో ఒక్కటీ జ్ఞాపకముండదు. రాత్రియంతా నిద్రించాననుకొనే ఆ మనిషి నిజానికి రాత్రియంతా మేలుకొంటూనే ఉన్నాడు. పగలు తూలిపడటం అతని సోమరితనం కాదు.

లుగరేసి ఈ విషయాన్ని పట్టుకొని, శ్వాస ఆగిన ప్రతిసారి గుండెమీద, రక్తపు పోటు మీద కలిగే ప్రభావాన్ని తన బృందంతో పరిశీలించారు. 1967లో నిద్రలోని వికారాలను గురించి బొలోనాలో యూరోపు వైద్యుల సమావేశం జరిగింది. ఆ సమావేశపు వ్యాసాలు మరుసటి సంవత్సరం గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1972లో సముద్రతీరాన ఉన్న రిమిని పట్టణంలో నిద్రలోని శ్వాస దోషాలకే ప్రత్యేకించిన మరొక సమావేశం ఏర్పాటైంది. ఆనాటికి ఈ వ్యాధికి చెప్పుకోదగిన చికిత్స ఒక్కటే. మెడ ముందు భాగాన శ్వాసనాళానికి రంధ్రం చేసి, మూసుకుపోయే గొంతును తప్పించి గాలి పంపించడం. జర్మనీలో 1969లో ఇది జరిగింది. బొలోనా వైద్యులు కూడా దానినాచరించి ఫలితాలు ప్రకటించారు. రోగుల పగటి నిద్ర తగ్గడమే కాక, శ్వాస దోషం వలన కలిగిన ఇతర వికారాలు కూడా చక్కబడ్డాయి. శస్త్రచికిత్స అవసరం లేకుండా ముక్కు మీద తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ ప్రకటించారు. నేడు మన నగరాలలో కూడా పలువురు వాడుతున్నది అదే.

ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూస్తే వ్యాధి విస్తృతి తెలియదు. అందుకని లుగరేసి బృందం ఇటలీ నడుమనున్న సాన్ మారినో అనే చిన్న దేశాన్ని ఎంచుకొని, అక్కడి 5,700 మందికి పైగా ప్రజలను గురకను గురించి ప్రశ్నించింది. 1980లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారం నిత్యం గురకపెట్టే వారిలో అధిక రక్తపు పోటు ఎక్కువగా కనిపించింది. నవ్వుకు తావైన గురకను గుండె వైద్యులు సైతం పట్టించుకొనవలసిన లక్షణంగా నిలిపిన తొలి పరిశీలనలలో అది ఒకటి.

ఇక మూర్ఛ విషయం. కొందరు రోగులు నిద్రలో ఉన్నట్టుండి లేచి, చేతులు విసరి, కాళ్ళతో సైకిలు తొక్కినట్లు తన్నుకొని, కేకలు వేసి, కొన్ని సెకనులలోనే మరల శాంతిస్తారు. ఒకే రాత్రి ఇట్లు పలుమార్లు జరుగుతుంది. పగలు వారు అందరివలెనే ఉంటారు. ఆ సమయంలో తీసిన ఈ.ఈ.జి.లో సైతం పలుసార్లు ఏ గుర్తూ కనిపించదు. అందువలన వారిని పీడకలలవారని, ఉన్మాదులని, నటిస్తున్నారని నిర్ణయించేవారు. తెలుగు పల్లెలలోనైతే భూతవైద్యుని కబురంపేవారేమో! లుగరేసి, ఆయన సహచరుడు చిరిన్యోత్తా అట్టి ఐదుగురు రోగులను రాత్రులు నమోదు చేసి, ప్రతి రోగిలోను కదలికలు ప్రతిసారి అచ్చుగుద్దినట్లు ఒకే క్రమంలో నడుస్తున్నాయని గమనించారు. పీడకల రోజుకొక రూపం ధరిస్తుంది. నటన కూడా అంత నిర్దుష్టంగా పునరావృతం కాజాలదు. పైగా మూర్ఛకు వాడే కార్బమజెపిన్ అనే మందు వారికి గుణమిచ్చింది. 1981లో ఈ సంగతులను ప్రకటిస్తూ ఆ వ్యాసపు శీర్షికలోనే వారొక ప్రశ్నార్థకాన్ని ఉంచారు. ఇది మూర్ఛయా, లేక నూతన వ్యాధియా? అన్నది ఆ ప్రశ్న.

ఆ ప్రశ్నార్థకం విద్యార్థులు నేర్వదగిన పాఠం. పేరు ప్రతిష్ఠలు గల ఆచార్యుడు తనకు తెలిసినంత వరకు చెప్పి, తెలియని చోట తెలియదని వ్రాశారు. సమాధానం తరువాత వచ్చింది. మెదడు ముందరి భాగంలో, పై నుండి యంత్రానికి సులభంగా అందని లోతులలో పుట్టే మూర్ఛలే ఇవని క్రమంగా రుజువైంది. కొన్ని కుటుంబాలలో ఇది తరతరాలుగా వస్తున్నదని తెలిసి, 1995లో ఒక ఆస్ట్రేలియా కుటుంబంలో దానికి కారణమైన జన్యులోపం దొరికింది. మూర్ఛవ్యాధులలో ఒక జన్యువును ఇట్లు గుర్తించగలగడం ఆనాటికి గొప్ప విశేషం. 2014లో బొలోనాలోనే నిపుణులు సమావేశమై ఈ వ్యాధికి నేటి పేరును, నిర్ణయ సూత్రాలను కుదిర్చారు. లుగరేసి మొదట పెట్టిన పేరు అందులో నిలువలేదు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం సఫలమైంది.

ఆయన జీవితంలోని మరొక అధ్యాయం విషాదకరమైనది. నిద్రను త్యజించి పదునాలుగేండ్లు అన్నకు కాపలా కాసిన లక్ష్మణుని కథ, ఆ నిద్రను తాను స్వీకరించిన ఊర్మిళ కథ తెలుగు స్త్రీలు పాటలుగా పాడుకొన్నారు. కథలో నిద్రను ఒకరి నుండి ఒకరికి బదిలీ చేయవచ్చు. నిజజీవితంలో నిద్ర పూర్తిగా పోతే ఏమి జరుగునో 1984లో బొలోనాకు వచ్చిన ఒక రోగి వలన తెలిసింది. ఆయన వయస్సు 53 సంవత్సరాలు. వెనిస్ ప్రాంతపు కుటుంబం. నిద్ర రోజురోజుకూ క్షీణించసాగింది. విపరీతమైన చెమటలు, గుండె దడ, అదుపు తప్పిన శరీరోష్ణం తోడయ్యాయి. మేలుకొని ఉండగానే కలలోని పనులను చేతులతో అభినయించే స్థితి ఏర్పడింది. ఆయన సోదరీమణులు ఇరువురు, మూడు తరాలలో పలువురు బంధువులు ఇదే రీతిని మరణించారు. ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క పేరు పెట్టి పంపాడు. ఆ కుటుంబపు ఆడపడుచును వివాహమాడిన రోయితెర్ అనే వైద్యుడు, ఈ మరణాలన్నీ ఒకే వ్యాధివన్న అనుమానంతో పాత వివరాలు సేకరించి, ఆ రోగిని లుగరేసి వద్దకు చేర్చారు.

బొలోనా బృందం ఆ రోగిని అహోరాత్రాలు పరిశీలించింది. మెదడు తరంగాలలో నిద్ర గుర్తులు ఒక్కటొక్కటిగా మాయమైపోవడం వారు చూశారు. నిద్రమాత్రలు పనిచేయలేదు. వ్యాధి మొదలైన తొమ్మిది నెలలకు ఆయన మరణించారు. ఆయన మెదడును అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పనిచేస్తున్న, బొలోనాలో చదివిన గంబెత్తి అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించారు. మెదడు నడుమ థాలమస్ అనే భాగం ఉంది. ఇంద్రియాల నుండి వచ్చే వార్తలు పై భాగానికి చేరే మార్గంలో అది ఒక కూడలి. ఆ థాలమస్‌లోని రెండు కేంద్రకాలు మాత్రమే ప్రధానంగా నశించి ఉన్నాయి. నిద్రకు, శరీరపు అంతరంగ సమతౌల్యానికి ఆ భాగంతో గల బంధం అట్లు బయటపడింది. 1986 అక్టోబరులో ఈ వ్యాధి ‘ప్రాణాంతక కౌటుంబిక నిద్రలేమి’ అనే అర్థం గల పేరుతో వైద్యలోకానికి పరిచయమైంది.

1992లో దాని మూలం తెలిసింది. ప్రయాన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులో 178వ స్థానంలోని ఒక్క మార్పే ఇందుకు కారణం. ఆ మాంసకృత్తు వికృతంగా మడత పడి, తన చుట్టునున్న వాటిని కూడా వికృతపరుస్తుంది. అదే జన్యువులో 129వ స్థానంలోని భేదాన్ని బట్టి, ఆ ఒక్క మార్పే ఒకరిలో నిద్రను హరిస్తుంది, మరొకరిలో మతిని హరించే వేరొక వ్యాధిగా పరిణమిస్తుంది. ప్రయాన్ సిద్ధాంతానికి గాను స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వ్యాధికి మాత్రం నేటికీ చికిత్స లేదు. తల్లి లేక తండ్రి వద్ద ఆ జన్యులోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించడానికి సగం అవకాశం ఉంది.

అట్లయితే లుగరేసి సాధించినదేమి? అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆ కుటుంబానికి ఆయన ప్రాణదానం చేయలేకపోయారు. కాని తరతరాలుగా పిచ్చి అని, శాపమని, తాగుడు ఫలితమని వినవచ్చిన నిందల నుండి వారిని విముక్తులను గావించారు. రోగానికి సరియైన పేరు దొరకడం చికిత్సకు తొలిమెట్టు. చికిత్స లేని చోట కూడా అది మనిషి గౌరవాన్ని నిలుపుతుంది. తమవారి మరణం వృథా కాలేదన్న తృప్తి ఆ కుటుంబానికి మిగిలింది. దాని వలన వైద్యశాస్త్రానికి నిద్ర నివసించే చోటు తెలిసింది.

ఈ కథకు పాఠశాలతో ఏమి పని అంటే, చాలా ఉంది. గాస్తో ప్రయోగశాల నుండి వచ్చిన మరొక ఇటలీ వైద్యుడు తాస్సినారి. ఆయన సహచరులతో కలిసి 1971లో ఒక విచిత్ర స్థితిని వర్ణించారు. కొందరు పిల్లలకు నిద్ర పట్టగానే మెదడులో మూర్ఛ తరంగాలు ఎడతెగక సాగుతాయి. శరీరం మాత్రం కదలదు. తల్లిదండ్రులు బిడ్డ హాయిగా నిద్రిస్తున్నాడనే అనుకుంటారు. అయితే అంతవరకు చక్కగా మాట్లాడిన, చదివిన బిడ్డ క్రమంగా మాటలు మరచి, ఎక్కాలు మరచి, చిరాకు పడుతూ వెనుకబడిపోతాడు. పగలు నేర్చిన పాఠం రాత్రి నిద్రలో మెదడులో నెలకొంటుంది. ఆ నిద్రే కలత చెందితే పాఠం నిలువదు. నిన్నటి దాకా వచ్చిన పాఠం నేడు రాని పిల్లవానికి బెత్తం మందు కాదు. వైద్యుని పరీక్ష కావలెను.

కౌమారంలో కనిపించే మరొక రకం మూర్ఛ ఉంది. 1957లో జర్మనీ వైద్యుడు యాన్జ్ దీనిని సమగ్రంగా వర్ణించారు. పొద్దున లేచిన వెంటనే చేతులు ఒక్కసారిగా అదిరి, చేతిలోని కాఫీ గ్లాసో, పళ్ళు తోముకొనే బ్రష్షో ఎగిరి పడుతుంది. ఇంటిలో అది అజాగ్రత్తగా లెక్కకు వస్తుంది. ముందు రాత్రి నిద్ర తక్కువైన నాడు ఈ అదురు ఎక్కువై, పెద్ద మూర్ఛగా కూడా పరిణమించవచ్చు. పదవ తరగతి పరీక్షలకు తెల్లవార్లూ మేలుకొని చదివిన పిల్లలు పరీక్షనాటి ఉదయమే పడిపోవడం వెనుక ఇట్టి కారణమున్న సందర్భాలున్నాయి. నిద్రను తగ్గించి మార్కులు పెంచవచ్చుననే తల్లిదండ్రుల నమ్మకాన్ని మూర్ఛవ్యాధి శాస్త్రం గాని నిద్రాశాస్త్రం గాని బలపరచడం లేదు. ఎడతెగని గురక, నోటితో శ్వాస, పగటి కునుకు కలిసి కనిపించే చిన్నపిల్లలలో ముక్కు వెనుక, గొంతులో పెరిగిన గ్రంథులు శ్వాసకు అడ్డుపడుతూ ఉండవచ్చు. వారిని సోమరులని పిలిచే ముందు చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపించడం మేలు.

తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఈ కర్ణాటక సీమకు మూర్ఛవ్యాధి శాస్త్రంలో ఒక ప్రత్యేక స్థానమున్నది. తలమీద వేడినీళ్ళు పోసుకొనునప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛలను బెంగుళూరు వైద్యులు కె.ఎస్. మణి మొదలగువారు 1960 దశకం చివరి నుండి విస్తృతంగా వర్ణించారు. శనివారపు తలంటు నాడు పడిపోయిన బిడ్డను చూసి శనిదోషమని శాంతి చేయించిన ఇండ్లలో అసలు దోషం నీటి వేడిమిది. తలకు పోసే నీటి వేడిమి తగ్గించి, వైద్యుని సలహా పాటిస్తే వారిలో అధిక సంఖ్యాకులు సుఖంగా ఉంటారు. ఇచట కూడా గమనించి చూసిన వైద్యుడే రోగిని నింద నుండి తప్పించాడు.

సమాజపు నింద చట్టంలో సైతం ఉండేది. హిందూ వివాహ చట్టంలో వివాహానికి అవరోధాల జాబితా నుండి ‘మూర్ఛ’ అన్న మాటను పార్లమెంటు 1999లో తొలగించింది. చట్టం మారినంత త్వరగా మనస్సులు మారలేదు. సంబంధం చెడునన్న భయంతో ఆడపిల్లల మూర్ఛను దాచి, మందు సైతం మానిపించే తల్లిదండ్రులు ఇంకనూ ఉన్నారు. క్రమం తప్పక మందు వాడితే మూర్ఛ రోగులలో ఎక్కువమందికి మూర్ఛలు అదుపులోకి వస్తాయి. వైద్యుని అనుమతి లేక మందు హఠాత్తుగా ఆపడమే మిక్కిలి ప్రమాదం. మన దేశంలో ఏటా నవంబరు 17వ తేదీని జాతీయ మూర్ఛవ్యాధి దినంగా పాటిస్తున్నారు. ఆనాడు ప్రతి పాఠశాల ప్రార్థనా సమావేశంలో ఐదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించుట అసాధ్యమేమీ కాదు.

ఆ ఐదు నిమిషాలలో చెప్పవలసినవి కొద్ది మాటలే. తరగతిలో ఎవరికైనా మూర్ఛ వస్తే చుట్టూ గుమిగూడవద్దు. దగ్గరనున్న బల్లలు, గట్టి వస్తువులు తొలగించి, తల క్రింద మెత్తని గుడ్డ ఉంచాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో చెంచాగాని, నీరుగాని, మరేదిగాని పెట్టరాదు. కాళ్ళూ చేతులూ బలవంతంగా అదిమి పట్టరాదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలకు మించినా, తెలివి రాకుండా మరల మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏమేమి జరిగినదో, ఏ చేయి ముందు కదిలినదో, ఎంతసేపు పట్టినదో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పాలి. తెలివి వచ్చిన బిడ్డతో మునుపటి వలెనే మాట్లాడాలి. మరునాడు అదే బల్ల మీద, అదే స్నేహితురాలి పక్కన కూర్చోబెట్టాలి. ఈ చివరి పని వైద్యుడు చేయలేడు. ఉపాధ్యాయుడు, తోటి విద్యార్థులు మాత్రమే చేయగలరు.

లుగరేసి వాడిన యంత్రాలు అన్ని దేశాలలోను ఉన్నాయి. ఆయనకున్న ఓర్పు మాత్రం కొనుగోలుకు దొరికేది కాదు. లోకం నిద్రించిన వేళ తాను మేలుకొని, ఎదుటి మనిషిని చివరివరకు చూసి, ఆ తరువాతనే పేరు పెట్టడం ఆయన వైద్యనీతి. నలుబది మంది పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొనే ఉపాధ్యాయులకు, రాత్రి పడకగదిలో బిడ్డ నిద్రను చూడగల ఏకైక సాక్షులైన తల్లిదండ్రులకు ఆ నీతి అక్షరాలా వర్తిస్తుంది.

ఈ పాఠశాల నూరేండ్ల పండుగ జరుపుకొనే నాటికి హాజరు పట్టీలో ‘అనారోగ్యం’ అన్న మాట దగ్గర ఆగిపోయిన పేరు ఒక్కటైనా ఉండకుండుగాక! సభకు శుభమగుగాక!